వల కన్ను

నెల్బా చేపల బల్ల పక్కనే నా నిమ్మకాయల బండి.
పిరియాపొలిస్ రేవులో
చేప కొన్నవాళ్ళు నిమ్మకాయ కొనకుండా పోరు కాబట్టి
పదకొండేళ్ళుగా ఆమె గిరాకీయే నా గిరాకీ.

అందుకే ఆ సోమవారం
ఫోను నా ముందు పెట్టి
"ఇది కనబడకుండా చెయ్యడం నీకొచ్చా?" అంది.

ఇదేమిటో ఊరంతటికీ తెలుసు.
ఆదివారం, వాన, ఎనభై తొమ్మిదో నిమిషం.
బంతి కూడా ఏమంత వేగంగా రాలేదు,
గోడ మీద పిల్లి నడిచినట్టు వచ్చింది.
నాహుయెల్ వంగాడు, పట్టాడు,
పట్టాడనే అనుకున్నాం,
వెనక వల కదిలింది.
జట్టు కింది తరగతికి దిగిపోయింది.

రాత్రికల్లా ఎవడో
బంతి చెరిపి చేపను అతికించాడు.
గోలీ చేతుల్లోంచి జారిపోతున్న చేప.
తల్లి చేపలమ్ముతుంది కదా, అదీ వాడి తెలివి.

ఫోనులో ఒక అర ఉంటుంది.
వద్దనుకున్న మాట అందులో వేస్తే
ఆ మాటున్నదేదీ ఇక మన గడప తొక్కదు.
మొదటి మాట కొడుకు పేరు.
ఆమె వేలు తడి. తడి వేలిని ఫోను గుర్తుపట్టదు.
నేనే కొట్టాను, ఒక్కో అక్షరం.
ఐసు సర్దుతున్నట్టు ఆమె అటు తిరిగింది.

తర్వాత గోలీ. తర్వాత చేతులు.
సబ్బు, వెన్న, ఎనభై తొమ్మిది.
ఊరి నాలుక ఊరుకుంటుందా,
ఈ సందు మూస్తే ఆ సందులోంచి వచ్చేది.
బుధవారానికి తనే నేర్చుకుని
ఏప్రన్‌కి వేలు తుడుచుకుని
చేప అని కొట్టింది.

చేపలమ్మే మనిషి!
నవ్వబోయి, నిమ్మకాయలు లెక్కపెట్టుకున్నాను.

ఎంత ప్రశాంతమైపోయిందో ఆ ఫోను.
గాలి ఎటు వీస్తుందో చెప్పేది.
ఎవరి పిల్లో ఉతికిన దుప్పట్ల మీద పడుకునేది.
మినాస్‌లో ఎవరికో పెళ్ళి.
"చూశావా, అందరూ మరిచిపోయారు" అంది నాతో.
అవతలి బల్ల దగ్గర కుర్రాళ్ళు
కోర్వినా చేపను ఒకడి మీదికొకడు విసురుకుంటూ
కావాలని జారవిడుస్తున్నారు.
వాళ్ళను ఏ అరలో వెయ్యను?

వల సంగతి ఆమెకు నేను చెప్పాలా?
కన్ను పెద్దదైతే చిన్న చేప తప్పించుకుంటుంది,
చిన్నదైతే నాచూ చెత్తా కూడా పడుతుంది.
వేలితో కొలిచి వల కొనే మనిషి.
ఈ వల కన్ను మాత్రం గుడ్డిది.
చేప అన్న మాట తగిలితే చాలు,
వెక్కిరింతా బేరమా అని చూడదు.

శనివారం హోటల్ వంటవాడు ఒలెగారియో
గరిటె చేత్తో పట్టుకునే దిగొచ్చాడు.
"మూడు రోజులుగా నీ పేరు పెట్టి రాస్తున్నా,
నలభై కిలోల చేప కావాలని.
పలకవేం? నా మీద కోపమా?"
ఆమె ఏదో అనబోయి ఊరుకుంది.
వెళ్తూ వెళ్తూ అతనే అన్నాడు,
"అవునూ, మీవాడి ఫోటో భలే ఉంది."

"ఏ ఫోటో?"

గురువారం పొద్దున పెట్టాడు నాహుయెల్.
పడవ అంచున కూర్చుని
మూరెడు కోర్వినాను గుండెకి అదుముకుని,
కింద రాశాడు:
గోలీ నాహుయెల్‌ని. ఈ చేతుల్లోంచి
ఈ చేప జారలేదు. సాక్షులు కావాలి.

ఆమె అరలో వేసిన మాటలు
నాలుగు, ఒక్కచోటే.

ఆరువందల మంది సాక్షి సంతకం పెట్టారు,
బంతి చెరిపి చేప అతికించినవాడితో సహా.
నేనూ పెట్టాను. ఆమె చూసే ఉంటుందనుకున్నాను.

కత్తి కింద పెట్టేసింది నెల్బా.
"రెండు రోజులుగా భోజనాల దగ్గర
వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.
ఉప్పు కావాలేమోననుకున్నాను."

కొనేవాళ్ళు వరసలో నిలబడే ఉన్నారు.
అర తెరిచాను.
పేరు తీసేశాను. చేప తీసేశాను. గోలీ, చేతులు, వెన్న.
సంతకం ఎక్కడ నొక్కాలో చూపించాను.
తడి వేలు, మూడుసార్లు నొక్కింది.

సబ్బు దగ్గర మాత్రం నా చెయ్యి పట్టుకుంది.
"అది ఉండనీ.
ఆ మాటన్నది మా అక్క."